నల్ల కారు మీద వాయిల్ గుడ్డ

మా పక్కింటాయన కార్లకు రంగులు వేస్తాడు. ఆయన రంగు కొట్టే గన్ను పట్టిన రోజున నేను బట్టలు ఆరేయను. ఈ ఒప్పందం మా మధ్య ఊరికే కుదరలేదు. ఈ ఇంట్లోకి వచ్చిన మొదటి నెలలోనే నా తెల్ల దుప్పటి మీద మెరూన్ రంగు తుంపర పడి, దానికి తట్టు పోసినట్టయింది. మా రెండిళ్ళ మధ్య పిట్టగోడ దగ్గర నిలబడి ఆయన్ని కడిగిపారేశాను. ఆయన తల వంచుకుని అంతా విని, "రంగు బాగా పట్టిందమ్మా, ఇక పోదు" అన్నాడు. అందులో కాస్త సంతోషం కూడా వినిపించింది. అప్పట్నుంచి గన్ను పట్టే ముందురోజు సాయంత్రం గోడ మీద ఖాళీ డబ్బా ఒకటి బోర్లిస్తాడు. డబ్బా కనిపిస్తే మర్నాడు నా గొట్టం ఖాళీగా ఉండాలని అర్థం.

గొట్టమంటే బట్టలారేసుకునే ఇనప గొట్టం. తాడైతే సాగిపోతుందని, గోడకు నా వైపున రెండు స్తంభాలు పాతించి వాటి మీద వేయించాను. తిన్నగా ఉంటుంది. దాంతో ఆయనకు కూడా పని ఉంది. అది తరవాత చెబుతాను.

నాది కుట్టుపని. మిషను కిటికీ దగ్గరుంటుంది, కిటికీలోంచి ఆయన పెరడంతా కనిపిస్తుంది. ఒకరి సంసారంలోకి తొంగిచూడటం నాకు అలవాటు లేదు. వెలుతురు అక్కడే వస్తుంది కాబట్టి మిషను అక్కడ పెట్టుకున్నాను.

ఆయన్ని అందరూ అద్దం మేస్త్రీ అంటారు. ఆయన చేతిలోంచి బయటికొచ్చిన కారు డోరులో తల దువ్వుకోవచ్చని ఆ పేరు. మొదట ఇనప మంచాలకు, బీరువాలకు రంగులు వేశాడు. తరవాత స్కూటర్లు. తరవాత ఒక పెద్ద షెడ్డులో కార్లు. తుప్పు గీకకుండా పైపైన పుట్టీ పూసి రంగేయమని షెడ్డు యజమాని అన్నందుకు గన్ను కింద పెట్టి వచ్చేశాడని ఆయనే చెబుతాడు. యజమాని ఏం చెబుతాడో నాకు తెలియదు. వచ్చేశాక పెరట్లో రేకులు వేయించి, కంప్రెసరు కొనుక్కుని, ఇంటి దగ్గరే పని పెట్టుకున్నాడు. మిగిలిపోయిన రంగులన్నీ ఇంటికే ఎక్కాయి. గేటు ఎవరిదో వెండిరంగు, ఫ్రిజ్జు ఎవరిదో ఎరుపు, స్నానాల గది తలుపు ఒక రిటైరైన ఇంజనీరుగారి ఆకుపచ్చ. బండి ఇవ్వడానికి వచ్చినవాళ్ళు మంచినీళ్ళ కోసం లోపలికొచ్చి, ఫ్రిజ్జులో తమ పాత కారును గుర్తుపట్టి నవ్వుకున్న రోజులున్నాయి.

మనిషి మాటకారి. బండివాళ్ళతో మాట్లాడుతుంటే గంటలు తెలియవు. "తెలుపు దాస్తుంది, వెండిరంగు బుకాయిస్తుంది, నలుపు చాడీలు చెబుతుంది" అంటాడు. రేకు మీద ఏ కాస్త ఎత్తుపల్లం ఉన్నా నలుపు బయటపెట్టేస్తుందని భావం. ఆయన మాటల్లో 'నేను' ఎక్కువ. నేను గీకాను, నేను పూశాను, నేను చూశాను. భార్యతో మాత్రం రోజుకు పది మాటలు మించవు, అందులో నాలుగు 'టవలు' అనే మాటే.

ఆయన భార్యను నేను వదినా అంటాను. పెళ్ళికి ముందు ఆమె పుస్తకాలు బైండింగు చేసేచోట పనిచేసింది. కాగితాల కట్ట మీద అరచెయ్యి ఆనిస్తే ఒక మడత తక్కువుందో ఎక్కువుందో చెప్పగలిగేదట. ఆ సంగతి ఒక్కసారి చెప్పి ఊరుకుంది. గొప్పలు చెప్పుకునే పని ఆ ఇంట్లో ఒక్కరే చేస్తారు.

తొమ్మిదేళ్ళ కిందట ఒక వెండిరంగు కారు తిరిగొచ్చింది. డోరు మీద అలలు ఉన్నాయని యజమాని గొడవ. మేస్త్రీ అరచేత్తో డోరంతా తడిమి, ఏమీ లేదన్నాడు. ఆ చేతులు అప్పటికి ఇరవై ఏళ్ళుగా రోజూ, రంగు వదిలించే థిన్నరుతో కడుక్కున్న చేతులు. చర్మం చెప్పు అట్టలా తయారైంది. వేడి గ్లాసు పట్టుకుని వేడిగా ఉందో లేదో పెదవులతో చూసుకునేవాడు. వదిన అప్పుడే నీళ్ళ బకెట్టు తెచ్చి, దించే ముందు ఆసరాకు డోరు మీద చెయ్యి వేసింది. "ఇక్కడ ఎత్తుగా ఉందేంటి?" అంది. మేస్త్రీ బకెట్టు అందుకుని, ఆమె చెయ్యి తీసిన చోటే గరుకు పేపరు పెట్టి రుద్దాడు.

ఆ రోజు నుంచి ఒక పద్ధతి ఏర్పడింది. రంగుకు ముందు పూసే ప్రైమరు వేసి, నీళ్ళ పేపరుతో నున్నగా రుద్దాక, మేస్త్రీ పెన్సిలు ఒకటి బానెట్ మీద వదిలేసి, భోంచేసి, ఒక గంట పడుకుంటాడు. ఆ గంటలో వదిన గేటు వేసి, దుమ్ము తుడుస్తున్నట్టుగా కారు చుట్టూ తిరుగుతుంది. ఎత్తు తగిలినచోట సున్నా, పల్లం తగిలినచోట అడ్డగీత. మేస్త్రీ లేచి వచ్చి, ఆ గుర్తులున్న చోటల్లా మళ్ళీ పుట్టీ పూయడమో రుద్దడమో చేస్తాడు. గుర్తు లేనిచోట ముట్టుకోడు. ఈ తొమ్మిదేళ్ళలో ఆ గుర్తులు ఎవరు పెట్టారని ఆయన అడగలేదు, ఈమె చెప్పలేదు. అవి వాటంతటవే మొలుస్తాయని ఆయన నమ్మడం మొదలుపెట్టాడేమో కూడా.

ఇందులో నాకూ పాలుంది. ఉత్తి చేత్తో తడిమితే చెయ్యి రేకుకు అంటుకుంటుంది, పల్చటి గుడ్డ అడ్డం పెట్టుకుంటే జారుతుంది, జారే చేతికే తేడా బాగా తెలుస్తుంది. బట్ట మీద ముడతలు వెతికే నాకు ఆ కిటుకు తెలుసు. జాకెట్టు లైనింగులో మిగిలిన వాయిల్ ముక్క ఒకటి, జానెడు వెడల్పుది, వదినకు ఇచ్చాను. తొమ్మిదేళ్ళూ అదే వాడింది.

ఇలా సాగుతుండగా పళ్ళ డాక్టరుగారి కారు వచ్చింది. నల్లది. పాతదైనా ఆయనకు ప్రాణం, డ్రైవింగు దాని మీదే నేర్చుకున్నాడట. ఆ నేర్చుకోవడం ఇంకా పూర్తయినట్టు లేదు. గేటు స్తంభానికి రాసుకుని ఎడమవైపు రెండు డోర్లూ, వెనక్కి తీస్తూ గోడను గుద్ది డిక్కీ మూతా చెడగొట్టుకున్నాడు. నోట్లో పన్ను మీద ఉన్నంత చూపు అద్దంలో గోడ మీద లేదు పాపం. సొట్టలు తీసి, మొత్తం బండికి కొత్తగా నలుపు వేయాలి.

మేస్త్రీ మూడు రోజులు సొట్టలు తీశాడు. లోపల్నుంచి కర్ర దిమ్మ ఆనించి, బయట్నుంచి చిన్న సుత్తితో, గుడ్డు పెంకు కొడుతున్నంత నెమ్మదిగా. పాత రంగును రేకు బయటపడేదాకా గీకాడు. పుట్టీలో గట్టిపడే మందు కలిపి, అది పలక మీదే రాయి అయిపోకముందే పల్చటి రేకుముక్కతో డోర్ల మీద, డిక్కీ మీద పరిచాడు. ఆరాక చెక్కముక్కకు పేపరు చుట్టి అడ్డంగా, ఐమూలగా రుద్దాడు. పెరడంతా బూడిదరంగు పొడి. వదిన రోజుకు మూడుసార్లు నీళ్ళు చల్లింది.

గురువారం డాక్టరు పని చూడటానికి వచ్చాడు. పుట్టీ పూసిన డోరు చూసి, "మీదీ నాదీ ఒకటే పని మేస్త్రీ గారూ. గుంట పూడ్చడం, అరగదీయడం" అన్నాడు.

"మీ దగ్గర అరుస్తారు కదండీ. నా దగ్గర బండి నోరెత్తదు" అన్నాడు మేస్త్రీ.

డాక్టరు నవ్వి, డోరు మీద చెయ్యి వేసి చూశాడు. "కంటికి కనపడని ఎత్తుపల్లాలు మీకెలా తెలుస్తాయండీ?"

వదిన అప్పుడే టీ గ్లాసులు పట్టుకుని వచ్చి పక్కన నిలబడింది. మేస్త్రీ కుడి అరచెయ్యి చాపాడు. "ఇదిగో, ఈ చెయ్యి. ముప్పై ఏళ్ళ చెయ్యి. కళ్ళు మూసుకుని ఒక్కసారి తడిమితే చాలు, వెంట్రుకవాసి ఎత్తున్నా పట్టేస్తుంది."

డాక్టరు ఆ చేతిని రెండు చేతులతో అందుకుని, పన్ను పరీక్షించినంత శ్రద్ధగా చూసి, వదిన వైపు తిరిగాడు. "అమ్మా, ఈ చేతికి ఇన్సూరెన్స్ చేయించండి."

"అలాగేనండి. టీ చల్లారిపోతుంది" అంది వదిన.

మేస్త్రీ నవ్వుతూనే ఉన్నాడు. అలవాటైన అబద్ధం చెప్పేవాళ్ళకు ఎదురుగా ఎవరున్నారో కనపడదు. మిషను ముందు కూర్చున్న నాకు మాత్రం ఒళ్ళు మండింది.

శుక్రవారం పొద్దున్నే వదిన గోడ దగ్గరికి వచ్చి పిలిచింది. చేతిలో వాయిల్ ముక్క, ఉతికి నాలుగు మడతలు పెట్టి ఉంది.

"నీ గుడ్డ" అంది.

"చిరిగిందా వదినా? ఇంకోటి ఇస్తాను."

"చిరగలేదు. ఇక దీంతో పనేముంది? ఆయన చెయ్యి ఉందిగా."

"నల్ల కారు వదినా" అన్నాను.

"తెలుసు" అంది. లోపలికి వెళ్ళిపోయింది.

ఆమెకు కావలసింది ఒక్క మాట. అది ఆయన నోటి నుంచి, పరాయివాళ్ళ ముందు రావాలి. ఆ మాట రాకపోతే ఆమె చెయ్యి ఇక రేకు మీద పడదు. ఆ చెయ్యి లేకపోతే అద్దం మేస్త్రీకి అద్దం ఉండదు, నాలుగు బండ్లు వంకరగా బయటికి వెళితే ఐదోది ఆ గేటు ముందు ఆగదు. ఇది నాకు తెలుసు, ఆమెకు తెలుసు. తెలియవలసిన మనిషి ప్రైమరు కలుపుకుంటున్నాడు.

ఆదివారం మధ్యాహ్నం ప్రైమరు రుద్దడం అయిపోయింది. మేస్త్రీ ఎప్పటిలాగే పెన్సిలు బానెట్ మీద పెట్టి, భోంచేసి పడుకున్నాడు. వదిన గేటు వేసింది. పాత తువ్వాలు తీసుకుని కారు తుడిచింది. పైకప్పు, బానెట్, డోర్లు, అన్నీ శుభ్రంగా, తీరిగ్గా తుడిచింది. డిక్కీ దగ్గర కాసేపు వంగి, మళ్ళీ లేచి, తువ్వాలు దులుపుకుని లోపలికి వెళ్ళింది. పెన్సిలు పెట్టినచోటే ఉంది.

మేస్త్రీ లేచి వచ్చి కారు చుట్టూ రెండుసార్లు తిరిగాడు. ఎక్కడా సున్నా లేదు, గీత లేదు. వెనక డోరును చేత్తో తడిమాడు. నీళ్ళు చల్లి, వాలుగా వంగి చూశాడు. తడి ఆరేలోపు ఎవరికైనా తాము చూడాలనుకున్నదే కనపడుతుంది. ఆయన ముఖం విచ్చుకుంది. గోడ దగ్గరికి వచ్చి డబ్బా బోర్లిస్తూ నన్ను పిలిచాడు.

"చెల్లమ్మా, ఈసారి పుట్టీ ఎంత సాఫుగా వచ్చిందంటే, మళ్ళీ పేపరు పెట్టే పనే లేదు. రేపు రంగు."

వదిన గుడ్డ తిరిగిచ్చేసిన సంగతి ఆయన చెవిన వేయడానికి నాకు అంతకంటే మంచి సమయం దొరకదు. మామూలుగా నా నోట్లో నువ్వుగింజ నానదు. ఆ రోజు మాత్రం "మంచిది అన్నయ్యగారూ" అని లోపలికి వచ్చేశాను. వదిన పంతం వదినది, మధ్యలో నేనెవరిని అని సర్ది చెప్పుకున్నాను. అసలు సంగతి అది కాదు. ఆయన బోర్లా పడితే చూడాలని నాకూ ఉంది. అందుకు ఇప్పటికీ సిగ్గుపడుతున్నాను.

సోమవారం ఆయన పని చూసి తీరాలి. గొప్పలు ఎన్ని చెప్పినా, గన్ను చేతిలోకి వచ్చాక ఆయన వేరే మనిషి. అద్దాలకు, చక్రాలకు పాత పేపర్లు అంటించాడు. నేల తడిపాడు. ఇంట్లో కిటికీలన్నీ మూయించాడు. ఫ్యాను లేదు, చీపురు లేదు, వదిన పొద్దున తలకు నూనె కూడా రాసుకోలేదు. గాల్లో రవంత నూనె ఉన్నా తడి రంగు మీద చేపకళ్ళలాంటి గుంటలు పడతాయి. రంగును గుడ్డతో వడగట్టి, అట్టముక్క మీద ఒకసారి కొట్టి చూసుకుని, ముసుగు కట్టుకున్నాడు. రేకుకు జానెడు దూరంలో గన్ను ఎక్కడా వంగకుండా, ఎక్కడా ఆగకుండా, అటు చివరి నుంచి ఇటు చివరికి నడిచింది. ఒక వరుస మీద సగం కప్పుతూ ఇంకో వరుస. ఒక పూత ఆరాక ఇంకో పూత, ఆ పైన మెరుపు పూత. ఒక్క చోట రంగు కారలేదు. బానెట్ మీద వాలిన దోమను సూదిమొనతో తీసేశాడు. అలాంటి చెయ్యి ఉన్నవాడికి ఇంకొకరి చేతిని ఒప్పుకోవడం ఎందుకంత బరువైందో నాకు అర్థం కాదు.

రెండు రోజులు ఆరనిచ్చి, బుధవారం మధ్యాహ్నానికి పాలిషు ముగించాడు. కాగితాలు పీకేశాక కారు పెరట్లో నల్లగా నిగనిగలాడింది. నేను ఆ పొద్దున బట్టలు ఆరేసి ఉన్నాను.

"చెల్లమ్మా, గొట్టం ఖాళీ చెయ్యి" అని కేకేశాడు.

ప్రతి బండికీ ఆఖరి పరీక్ష అదే. నా గొట్టం గోడ మీదుగా కారు డోర్లలో కనిపిస్తుంది. అది తిన్నగా ఉంటే డోరు తిన్నగా ఉన్నట్టు. నేను బట్టలు తీసి భుజాన వేసుకున్నాను. ముందు డోరులో గొట్టం గీత గీసినట్టు సాగింది. వెనక డోరులోకి రాగానే నడుం పట్టేసినవాడిలా వంగి, లేచి, మళ్ళీ వంగింది.

మేస్త్రీ పక్కకు జరిగి చూశాడు. వంగి చూశాడు. నా గొట్టం వంగిందేమోనని తల తిప్పి దాన్ని కూడా చూశాడు. తరవాత అరచెయ్యి డోరు మీద ఆనించి, కళ్ళు మూసుకుని, చాలాసేపు అలాగే ఉన్నాడు. ఆ చేతికి ఏమీ తెలియడం లేదని ఇవతలున్న నాకు కూడా తెలిసిపోయింది. వదిన గుమ్మంలో నిలబడి ఉంది. ఆయన తిరిగి ఆమెను చూశాడు. ఆమె ఆయన్ని చూసింది.

నాలుగింటికి డాక్టరు వచ్చాడు. కారు చుట్టూ చిన్నపిల్లాడిలా తిరిగాడు. దువ్వెన తీసి, ఆ వెనక డోరులోనే చూసుకుంటూ మీసం దువ్వుకున్నాడు. మీసం కాస్త అలలు తిరిగినట్టు కనిపించి ఉంటుంది. ఆయన దాన్ని మెచ్చుకున్నాడే తప్ప అనుమానించలేదు.

"మేస్త్రీ గారూ, చెయ్యంటే మీదేనండీ. తాళాలిచ్చేయండి, అలా ఒక రౌండు వేసి ఇంటికి పోతాను."

మేస్త్రీ చేతిలోనే తాళాలున్నాయి. ఇచ్చేస్తే అక్కడితో సరి. డాక్టరుకు ఎప్పటికీ తెలియదు, చెప్పేవాళ్ళు లేరు. వదిన చెప్పదు. నేను చెప్పనని ఆదివారమే తేలింది.

ఆయన తాళాలు జేబులో వేసుకున్నాడు.

"బండి ఇవాళ ఇవ్వనండీ."

"అదేంటి, అయిపోయిందిగా?"

"వెనక డోరు అల తిరిగింది."

డాక్టరు వంగి చూశాడు. "నాకేం కనపడట్లేదే."

"మీకు కనపడదు. నాకు ఇప్పుడు కనపడింది. రంగేయక ముందే చేతికి తెలియాలి. నా చేతికి తెలియలేదు."

"ఏదో ఒక్కసారి పొరపాటు పడితే ఏమైందండీ, ముప్పై ఏళ్ళ చెయ్యి..."

"ఒక్కసారి కాదు. తొమ్మిదేళ్ళుగా ఈ చేతికి ఏమీ తెలియట్లేదు. నిప్పు పెట్టినా ఆలస్యంగా తెలుస్తుంది." మేస్త్రీ గొంతు మామూలుగానే ఉంది, థిన్నరు అయిపోయిందని చెప్పేటప్పుడు ఉన్నట్టే. "ఇన్నాళ్ళూ చూసింది ఆవిడ. నేను రంగేస్తాను, అంతే. మొన్న మీరు మెచ్చుకున్నది ఆవిడ చేతిని. ఆ మాట అప్పుడే చెప్పాల్సింది, నేను చెప్పలేదు. ఈ బండిని ఆవిడ చూడలేదు, అందుకే ఇలా వచ్చింది."

డాక్టరు దువ్వెన జేబులో పెట్టుకున్నాడు. ఎవరి వైపు చూడాలో తెలియక కాసేపు కారునే చూసి, చివరికి గుమ్మం వైపు తిరిగాడు. "మరి మీరైనా మొన్న చెప్పలేదేంటమ్మా?"

"నన్ను ఎవరూ అడగలేదు కదండీ" అంది వదిన.

మెట్లు దిగి తిన్నగా గోడ దగ్గరికి, నా దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది. అడక్కుండానే నాకు అర్థమైంది. మిషను సొరుగులోంచి వాయిల్ గుడ్డ తెచ్చి ఇచ్చాను. నలుపు మీద పెన్సిలు కనపడదని నా సుద్దబిళ్ళ కూడా ఇచ్చాను. మేస్త్రీ పక్కకు తప్పుకుని దారిచ్చాడు.

ఆమె గుడ్డ పరిచి, దాని మీద అరచెయ్యి పెట్టి, వెనక డోరు ఈ చివరి నుంచి ఆ చివరిదాకా ఒక్కసారి జరిపింది. పిడి కింద తెల్లగా ఒక సున్నా చుట్టింది. అక్కడితో అయిపోయిందనుకుని మేస్త్రీ ముందుకొచ్చాడు. ఆమె ఆగలేదు. వెనక్కి నడిచి, గుడ్డ కూడా ఆనించకుండా, డిక్కీ మూత మీద తిన్నగా ఇంకో రెండు సున్నాలు చుట్టింది.

"ఇవి కూడా ఉన్నాయి" అంది ఆయనతో. "ఆదివారమే చూశాను."